శాంపిల్ చెయ్యి

బీపీ అక్క బల్ల మీద అన్నీ సర్దేసింది. కొలతటేపు, బరువు మిషను, వేలు గుచ్చే సూదుల డబ్బా, దూది ఉండలు, వాడేసినవి పారేయడానికి పసుపు సంచీ, బీపీ చూసే పెట్టె, దానికి తగిలించిన గొట్టం, గొట్టం చివర చేతికి చుట్టే పట్టీ. పరీక్షల క్యాంపుకి ఏ పేటలో ఏ హాలు దొరికినా ఇన్నేళ్ళుగా ఇదే వరస, కళ్ళకి గంతలు కట్టినా సర్దేయగలదు, ఇవాళ ఇంచుమించు అలాగే సర్దింది కూడా, కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గానీ వాటితో ఏదీ చూసినట్టు లేదు. హాల్లో ఫినాయిలు వాసన. ఒకదాన్లో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ కుర్చీలు. పైన ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట టక్కుమంటోంది, మళ్ళీ తిరుగుతోంది. ఆ టక్కు కోసం చెవి కాచుకుని కూచుంది, వినాలని కాదు, వినడానికి వేరే ఏమీ లేక. జనం ఇంకా రాలేదు. రెండో సిస్టరు తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటూ, మధ్యమధ్యలో వీధిలోకి తొంగిచూస్తూ, వస్తార్లే అక్కా, పొద్దున్నే పనులుంటాయిగా అంటోంది. బీపీ అక్క తలూపింది. బల్లకి ఇవతల తన కుర్చీ. బల్లకి పక్కగా, జనం వైపు తిప్పి, ఇంకో కుర్చీ. ఆ కుర్చీ ఎవరు వేశారు? తనే వేసుంటుంది, చేతులకి అలవాటు కదా, వాటికి ఎవరూ చెప్పలేదు కదా, ఆయన ఇక రాడని.

ఆయన అంటే మొగుడు. ఈ పేటల్లో ఆయన్ని ఆమె మొగుడని ఎవరూ అనరు, ఆరోగ్య పథకం వ్యాను డ్రైవరని కూడా అనరు, శాంపిల్ బావ అంటారు. పేరు పెట్టింది కూరలమ్మే ముసలావిడ. మొదట్లో సంగతి అది, పట్టీ చూస్తేనే జనం హడలిపోయే రోజులు, చేతికి చుట్టి రక్తం లాగేస్తారట, చెయ్యి చచ్చుపడిపోతుందట, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అక్క గొంతు పోయేలా చెప్పేది. బీపీకి నొప్పుండదమ్మా, మంటుండదు, చప్పుడు చెయ్యకుండా వస్తుంది, అందుకే ముదిరాక కాదు, ముందే చూపించుకోవాలి, షుగరూ అంతే, నడుం చుట్టుకొలతా అంతే. అందరూ బుద్ధిగా వినేవాళ్ళు. ఒక్కరూ చెయ్యి చాపేవాళ్ళు కాదు. అప్పుడు బయట వ్యాను తుడుచుకుంటున్న ఆయన లోపలికొచ్చి, ఎడమచేతి చొక్కా మడిచి, ఆ కుర్చీలో కూలబడి, కట్టండి సిస్టరుగారూ, చస్తే నేనే చస్తాను, వీళ్ళకేం అన్నాడు. పట్టీ బిగుస్తుంటే కళ్ళు తేలేసి, నాలుక బయటపెట్టి, నానా వేషాలూ వేసి, పట్టీ విప్పగానే చెయ్యి ఆడించి చూపించాడు. జనం విరగబడి నవ్వారు. ముసలావిడ, ఏడి ఇంకోసారి ఆ శాంపిల్ బావని కూచోబెట్టు అంది, తర్వాత తనే చెయ్యి చాపింది. అంతే, అదొక పద్ధతైపోయింది. క్యాంపు మొదలైతే ముందు శాంపిల్ చెయ్యి, తర్వాతే తక్కిన చేతులు. పై ఆఫీసు నుంచి వచ్చినాయన కూడా చూసి మెచ్చుకుని, మిగతా క్యాంపుల్లోనూ ఇలాగే చెయ్యండి అన్నాడు. అక్కకి ఆరోజు లోపల ఎంత గర్వమో. ఇంటికెళ్తూ వ్యానులో, మీకు జీతం కాదండీ, వేషానికింతని ఇవ్వాలి అంటే, నాకు వేషమేంటే, నేను పుట్టడమే ఇలా పుట్టాను అన్నాడు.

ఇప్పుడు ఆ గర్వం ఎక్కడుందో వెతికితే దొరకడం లేదు. బాధ కూడా దొరకడం లేదు. సూది మందిచ్చి పన్ను పీకాక చెంప ఎలా ఉంటుందో అలా ఉంది ఒళ్ళంతా, తడిమితే ఉన్నట్టే తెలుస్తుంది గానీ తనది కానట్టు. ఆస్పత్రిలో ఏడవలేదు. ఇంటికి తెచ్చాక ఏడవలేదు. అన్నం గొంతు దిగేలా మెత్తగా చేసి ఆయనకి చెంచాతో పెడుతుంటే సగం పెదవి పక్కనుంచి కారిపోతుంది, తుడుస్తుంది, మళ్ళీ పెడుతుంది, ఆయన కళ్ళలోంచి నీళ్ళొస్తే అవీ తుడుస్తుంది, అదే గుడ్డతో. అత్తయ్య చూసి, ఎంత ఓర్పే తల్లీ నీకు అంటుంది. ఓర్పు కాదు అత్తయ్యా, లోపల ఎవరూ లేరు అని చెబ్దామనిపిస్తుంది. చెప్పడానికి కూడా లోపల ఎవరో ఒకరుండాలి కదా.

తలుపు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు, చేతుల్లో సంచులు. రెండో సిస్టరు, రండి రండి, ఖాళీగానే ఉంది అంది. వాళ్ళు లోపలికి చూశారు, అక్కని చూశారు, పక్క కుర్చీని చూశారు. ఒకావిడ రెండో ఆవిడ చెవిలో ఏదో అంది. చెవి కొరుక్కోనక్కర్లేదు, ఏమంటున్నారో అక్కకి తెలుసు, వారంగా పేటంతా అదే మాట, కుళాయి దగ్గర అదే, మందుల షాపులో అదే. రోజూ చూపించుకున్న శాంపిల్ బావకే పక్షవాతం వస్తే ఇక మనకెందుకమ్మా ఈ పరీక్షలు? ఎంత చూపించుకున్నా వచ్చేది రాక మానుతుందా? మొన్నటిదాకా సంతలా ఉండే హాలు ఇవాళ ఇలా బోసిగా ఉందంటే అందుకే. మరి వాళ్ళకి ఆ మాట ఎవరిచ్చారు? అత్తయ్య. అత్తయ్యకి ఎవరిచ్చారు? ఇక్కడికొచ్చేసరికి తలపు ఆగిపోతుంది, రోజూ ఇక్కడే ఆగుతుంది, ఫ్యాను టక్కుమన్నట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటినుంచి తిరుగుతుంది.

ఆ పొద్దున ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. తను వంటింట్లోంచి టీ తెచ్చేసరికి ఒంగి తాడు ముడెయ్యబోతూ తలెత్తి చూశాడు, నోరు ఓ పక్కకి వంకర తిరిగింది, కుడిచెయ్యి తాడు మీదనుంచి జారి వేలాడింది, ఏదో అనబోతే ముద్దగా వచ్చింది. ఎవరైనా ఏమనుకుంటారు? కెవ్వున అరుస్తారు. తనేం చేసింది, నవ్వింది. చాల్లెండి, పొద్దున్నే మొదలెట్టారా అంది. ఎందుకంటే అది ఆయన వేషం. క్యాంపులో పక్షవాతం గురించి చెప్పేటప్పుడు, మూతి వంకర పోతే, చెయ్యి జారిపోతే, మాట ముద్దయితే ఆలస్యం చెయ్యకండి అని తను చెబుతుంటే ఆయన ఆ కుర్చీలో కూచుని ఒక్కొక్కటే చేసి చూపించేవాడు, సరిగ్గా అలాగే, అదే మూతి, అదే చెయ్యి, చూసినవాళ్ళు నవ్వుతూనే గుర్తుపెట్టుకునేవాళ్ళు. టీ బల్ల మీద పెట్టి, వేషాలు ఆపి తాగండి, ఆలస్యమవుతోంది అని జడ వేసుకోవడానికి లోపలికెళ్ళింది. జడ సగంలో ఉండగా తట్టింది, వేషమైతే చివర్లో నవ్వాలిగా. నవ్వు వినిపించలేదే. అప్పుడు పరిగెత్తింది. ఆస్పత్రికి వ్యాను తనే నడుపుకుంటూ వెళ్ళింది, ఆయనే నేర్పాడు, క్లచ్చు వదిలేటప్పుడు గుడ్డు మీద కాలేసినట్టు వదలాలోయ్ అంటూ. వదిలింది. ఒక్కసారి కూడా ఇంజను ఆగలేదు. ఎంత బాగా నడిపానో అని దారిలో అనుకుంది కూడా, తర్వాత తలుచుకుంటే అదే అన్నిటికంటే అసహ్యంగా అనిపించింది.

డాక్టరు కుర్రాడు. మంచివాడే. ఆయన కంట్లోకి లైటు వేసి చూస్తూ, బీపీ ఉందా అన్నాడు. లేదండీ అంది. ఎప్పుడైనా చూపించారా అన్నాడు. ఇదీ ఒక ప్రశ్నేనా, ఈ ఊళ్ళో ఆయనంత చూపించుకున్నవాడు ఇంకొకడు లేడు, నిన్న సాయంత్రం క్యాంపులో కూడా పట్టీ కట్టాను అనుకుని, నిన్ననే అండీ అంది. ఎంతుంది అన్నాడు. అంతే. నోరు తెరిచే ఉంది, అందులో అంకె లేదు. నిన్నటిది లేదు, మొన్నటిది లేదు, ఆ ముందు ఏడాదిది లేదు. ఎందుకుంటుంది, పెట్టె తనవైపు ఉంటేగా. శాంపిల్ చెయ్యి కట్టేటప్పుడు పెట్టెని జనం వైపు తిప్పాలి, శిక్షణలో నేర్పిందే అది, లైట్లు వెలిగి అంకెలు పైకెక్కి కిందికి దిగడం వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూస్తే భయం పోతుంది. తను పెట్టె వెనక నిలబడి మాట్లాడుతూ ఉంటుంది. ఆయన జనం వైపు తిరిగి వేషాలేస్తుంటాడు. అంకె జనం చూస్తారు, అదేమిటో వాళ్ళకి తెలీదు, తెలిసిన మనిషి పెట్టెకి వెనకాల ఉంటుంది. బీప్‌మనగానే పట్టీ విప్పి, చూశారా, ఏమీ కాలేదు అంటుంది. తర్వాత మొదటి మనిషి వస్తాడు, అప్పుడు పెట్టె తనవైపు తిరుగుతుంది. అప్పుడే అసలు పని మొదలు. ముందుది పని కాదు, సరదా. స్టాఫుకి పరీక్షలు పెట్టిన రోజున కూడా ఆయన డీజిలు కొట్టించుకొస్తానని వెళ్ళిపోయాడు, నాకెందుకోయ్, రోజూ కడుతూనే ఉన్నావుగా అన్నాడు. తనూ అదే అనుకుంది. ఇద్దరూ అదే అనుకున్నారు, అబద్ధమేం కాదుగా, రోజూ కట్టింది. డాక్టరు ఇంకా చూస్తున్నాడు. నూట ఇరవై, ఎనభై అంది. పుస్తకంలో ఉండే అంకె. గోడమీద అంటించే బొమ్మలో నవ్వుతున్న కుటుంబం పక్కన రాసుండే అంకె. డాక్టరు ఆశ్చర్యపోయి, ఒక్కోసారి ఇలా ఏ కారణం లేకుండా వస్తుందమ్మా, మీ తప్పేం లేదు అన్నాడు. ఆ మాట అత్తయ్య వింది.

అత్తయ్య దాన్ని ఊరేగించింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ, మా కోడలు కంటికి రెప్పలా చూసుకుంది, నిన్నటిదాకా నిక్షేపంగా ఉంది బీపీ, తన చేత్తోనే కొలిచింది, నొసట అలా రాసుంటే అదేం చేస్తుంది పాపం అని చెప్పింది. చెప్పి కోడలి తల నిమిరింది. అసలు అత్తయ్య అంత మెత్తని మనిషేం కాదు, పెళ్ళైన కొత్తలో, ఊళ్ళో వాళ్ళ నడుములు కొలవడం కూడా ఒక ఉద్యోగమేనా అని మూతి ముడిచిన మనిషి, ఈ పదిహేనేళ్ళలో ఒక్కసారి మెచ్చుకున్నది లేదు. ఇప్పుడు మెచ్చుకుంటోంది. రాత్రుళ్ళు కొడుకు మంచం పక్కన ఒక వైపు తను, ఇంకోవైపు కోడలు, మధ్యలో ఆ ముద్దమాట. నువ్వుండబట్టి బతికాడే అంటుంది. ఆ ఒక్క మాట పట్టుకునే అత్తయ్య నిలబడి ఉంది. నిజం చెబితే ఏమవుతుంది? ఆ చెయ్యి తల మీదనుంచి లేచిపోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు, ఎవరూ రారు, అంతే. ఇదిగో, ఇలాగే. ఈ హాలు ఇలాగే ఖాళీగా ఉంటుంది, పట్టీ బల్ల మీద చుట్టుకుని పడుంటుంది, పేటలో ఎవరి చెయ్యి ఎప్పుడు జారిపోతుందో వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో జారిపోతుంది. అలా అనుకున్నా ఏమీ అనిపించలేదు. అనిపించాలని చూసింది, గోటితో అరచేతిని గిల్లుకున్నట్టు మనసుని గిల్లింది. లాభం లేదు.

తలుపు దగ్గర ఆడవాళ్ళు ఇటు లోపలికీ రాలేదు, అటు వెళ్ళనూ లేదు. వాళ్ళని పక్కకి జరగమని బేకరీ ఆయన లోపలికొచ్చాడు. లావాటి మనిషి, చొక్కా గుండీల దగ్గర ఎప్పుడూ పిండి, ఉప్పు తగ్గించండని క్యాంపులో చెప్పిన ప్రతిసారీ, ఉప్పు లేని రొట్టె నువ్వు కొంటావా తల్లీ, నా కొట్టు మూయిస్తావా అని అందరినీ నవ్వించే మనిషి. ఇవాళ నవ్వించలేదు. పక్క కుర్చీ చూసి దాన్లో కూచోకుండా, దూర్చిపెట్టిన కుర్చీల్లోంచి ఇంకోటి లాక్కుని కూచున్నాడు. బావెలా ఉన్నాడు అన్నాడు.

"అలాగే ఉన్నారు."

"మాట?"

"ఇంకా రాలేదు. వస్తుందంటున్నారు."

ఆయన ఏదో అడగడానికి వచ్చి అడగలేక తన్నుకుంటున్నాడని అక్కకి అర్థమైంది, అలాంటి మొహాలు ఎన్ని చూడలేదు, చాటుగా తాగేవాళ్ళు, చక్కెర మానలేనివాళ్ళు, మందులు మానేసి చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళు. గోళ్ళ సందుల్లో పిండి ఎండిపోయి ఉంది. దాన్ని గీక్కుంటున్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకు. రాత్రంతా నిద్ర పట్టలేదు. బావకి బీపీ ఎప్పుడూ బాగానే ఉండేదని మీ అత్తగారు చెబుతోందట కదా."

"ఊఁ."

"మేమూ చూసేవాళ్ళం కదా, పెట్టె మావైపే ఉండేదిగా. నూట డెబ్బై పైనే వచ్చేది ఎప్పుడొచ్చినా. ఒకసారి నూట ఎనభై కూడా దాటింది. నువ్వు ఏమీ కాలేదు అనేదానివి. పోయిన ఏడాది నాకూ అంతే వచ్చింది, నూట డెబ్బై ఎంతో. నువ్వేమో నాకు మందులిచ్చావు. ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను, బీపీ అక్క మొగుడికీ ఇంతే వస్తుందే, ఆయన శుభ్రంగా వ్యాను నడుపుకుంటూ తిరుగుతున్నాడు, మందూ లేదు మాకూ లేదు, మరి నాకెందుకు ఈ గొడవ అని. డబ్బా అటక మీద పారేశాను."

ఫ్యాను టక్కుమంది. అక్క ఆ చప్పుడు వినలేదు, చాలాసేపటికి మొదటిసారి వినలేదు. నూట డెబ్బై పైనే. ఎప్పుడొచ్చినా. ఒక్కరోజు కాదు, ఒక్క ఏడాది కాదు, వెలుగుతున్న ఎర్రటి అంకెల్లో, అరచెయ్యంత అంకెల్లో, ఊరందరి ముందూ. తలుపు దగ్గరావిడ రెండో ఆవిడతో, అవునే, నేనూ చూశాను, అదే మంచిదనుకున్నాను అంది, ఈసారి చెవిలో కాదు, మామూలు గొంతుతోనే. మా ఆయనా అంతే అంది రెండో ఆవిడ. మొద్దుబారిన చెంపకి మత్తు వదిలేటప్పుడు మొదట నొప్పి రాదు, జివ్వుమని ఒక చిన్న మెలిక తిరుగుతుంది, లోపల అలా తిరిగింది. ఒక్కడి చెయ్యి పోయిందనుకుంది. ఎంతమంది చేతులు ఆ అంకెని చూసి చొక్కా చేతులు దించుకుని ఇళ్ళకి వెళ్ళిపోయాయో.

రెండో సిస్టరు గబగబా బల్ల దగ్గరికొచ్చింది. మంచి పిల్ల, అక్క మొహం చూడగానే విషయం అర్థమైపోయినట్టుంది. "అయ్యో, ఆ పాత పెట్టె సంగతా బాబాయ్, దాని బ్యాటరీ సరిగ్గా ఉండేది కాదు. ఎప్పుడూ ఎక్కువే చూపించేది. అందుకే దాన్ని మార్చేశాం" అంది. అంటూ బల్ల కింద అక్క చెయ్యి నొక్కింది. బేకరీ ఆయన మొహం విప్పారింది. ఓ మిషను తప్పా, అంతేనా, నేనింకా ఏమిటో అనుకున్నాను అన్నాడు. ఎంత తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడో, కుర్చీ కిర్రుమంది. అలా ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్ళిపోతాడు. అత్తయ్య మాట నిలబడుతుంది, డాక్టరు మాట నిలబడుతుంది. పాపం ఆ ప్లాస్టిక్ పెట్టె తిరిగి ఏమంటుంది. ఒక్కసారి తలూపితే చాలు. పిల్ల చెయ్యి ఇంకా నొక్కుతూనే ఉంది. అటక మీద మందుల డబ్బా, దాని మీద పిండి దుమ్ము, అక్కకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆయన లేవబోయాడు.

"కూచోండి" అంది. గొంతు తనదేనా అనిపించేంత పొడిగా వచ్చింది. "మిషను తప్పు కాదు. అది సరిగ్గానే చూపించింది. నేనే చూడలేదు."

"చూడలేదంటే?"

"ఆయనది ఒక్కసారి కూడా చూడలేదు. ఇన్నేళ్ళూ పట్టీ కట్టాను, విప్పాను, అంతే. డాక్టరుకి చెప్పిన అంకె నేను కల్పించింది. అత్తయ్య చెప్పేది నిజం కాదు. ఆయనకి బీపీ ఉంది. మందు వేసుకునుంటే ఇలా అయ్యేది కాదేమో."

రెండో సిస్టరు చెయ్యి వదిలేసింది. తలుపు దగ్గర ఆడవాళ్ళల్లో ఒకావిడ అప్పుడే మెట్లు దిగిపోయింది, సంచీ ఊగుతూ. మధ్యాహ్నం లోపల ఈ మాట అత్తయ్య చెవిన పడుతుంది, ఎవరెలా చేరేస్తారో కూడా తెలుసు, సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మంచానికి అటువైపు కూచునే మనిషి ఎటు తిరిగి కూచుంటుందో తెలీదు. దుఃఖం వచ్చింది. ఎక్కడినుంచో కాదు, కడుపులోంచి, ముతకగా, సిగ్గు లేకుండా వచ్చింది, పసుపు సంచీ పక్కన, సూదుల డబ్బా పక్కన, దూది తీసి కళ్ళకి అద్దుకుంది, దూది కళ్ళకి అంటుకుంది. బేకరీ ఆయన ఓదార్చలేదు. తిట్టనూ లేదు. ఆయన తన ఎడమచేతి వంక చూసుకుంటున్నాడు, అది ఎవరిదో అన్నట్టు, వేళ్ళు ఒకసారి ముడిచి, ఒకసారి తెరిచి. తర్వాత మెల్లగా గుండీ తీసి చొక్కా పైకి మడిచి, ఆ చెయ్యి బల్ల మీద పెట్టాడు. వేళాకోళం కాదు, దెప్పడం కాదు, మామూలుగా, భయపడ్డ మనిషి అడిగినట్టే అడిగాడు.

"మరి నాది చూస్తావా అమ్మా?"